మూడు నిమిషాల కాపలా

...అది కొట్టెయ్ మనవరాలా. 'మా అన్న చేసిన తప్పు' అని మొదలు పెట్టొద్దు. ఆఫీసు కాడ మొదలుపెట్టు. నీకు తెలిసిందే అయినా, చెప్పింది చెప్పినట్ల రాయి దీవెనా.

మీ అన్న హెన్రీ కర్నూల్లో ఆ కంపెనీలో చేరినప్పుడు, ఆఫీసంతా సగం దినం ఊరికే కూచునేది. వాళ్లు చేసేది బోరు మోటర్లకు పెట్టే పెట్టె. కరెంటు వచ్చినా ఆ పెట్టె మోటరును వెంటనే ఆడనియ్యదు. మూడు నిమిషాలు సైరను కూస్తాది, ఆ తర్వాతనే మోటరుకు కరెంటు ఇడుస్తాది. బోరు కాడ ఎవురన్నా వైరు పట్టుకోనుంటే చెయ్యి తీసుకోవల్ల గదా, అందుకు.

పెట్టె లోపల ఉండే సాఫ్ట్‌వేరు రాసేది హెన్రీ వాళ్లు. దాంట్లో ఒక్క అక్షరం మార్చినా కంప్యూటరు అంతా మళ్లీ మొదట్నుంచి కట్టి, టెస్టులు పెడతాది. ఒక్కో టెస్టు నిజంగానే మూడు నిమిషాలు కాచుకోని చూస్తాది, సైరను కూసిందా, మోటరు ఆగిందా అని. అట్లాంటివి అరవై. ఒకదెనక ఒకటి. మూడు గంటలు పట్టేది.

"ఏమప్పా హెన్రీ," అనేవాడంట వాళ్ల పెద్ద బసవరాజ్, "ఈ టెస్టులు అయ్యేలోపల నా బిడ్డ పెండ్లి అయితాదేమో."

"బిడ్డ యాడుందన్నా? మీకే ఇంగా పెండ్లి కాలేదు గదా."

"నేను చెప్పేదీ అదేప్పా."

హెన్రీకి ఊరికే కూచునేది చాతకాదు. ఇరవై దినాలు తల వంచుకోని, కంప్యూటరుకు ఒక దొంగ గడియారం చేసినాడు. దాని ముల్లు అట్ల తిప్పితే సాలు, మూడు నిమిషాలు అయిపోయినాయని టెస్టు నమ్ముతాది. ఇంగ అరవై టెస్టుల్నీ వరసన నిలబెట్టకుండా ఒకేసారి పరిగెత్తించినాడు. మూడు గంటల పని పదకొండు నిమిషాలకు దిగింది.

బసవరాజ్ భుజం తట్టినాడు. "శానా బాగుందప్పా. ఒక్క టెస్టన్నా నిజం గడియారంతో పెట్టుకో."

"దానికి ఇంగో మూడు నిమిషాలు అయితాదన్నా."

"కానీలే."

"పదకొండు అని అందరికీ చెప్పుకున్యా గదన్నా," అని నవ్వినాడు హెన్రీ. పెట్టలేదు.

ఆ ఆదివారం ఇంటికొచ్చినాడు. రాయచోటి అవతల మన టమాటా తోట బోరుకు గూడా ఆ పెట్టే ఉండాది గదా, దాంట్లోకి కొత్త సాఫ్ట్‌వేరు ఎక్కించినాడు. మీ నాయన యేసుప్రసాద్ పక్కన నిలబడి అడిగినాడు.

"మూడు గంటలు తగ్గించినోనివి, ఈ మూడు నిమిషాలు తగ్గించలేవారా? కరెంటు ఇట్ల వచ్చె, అట్ల పాయె. ఇది కూసి కూసి ఆపేలోపల మళ్లీ పాయె. చెట్లు వాడిపోతాండాయి."

"నేను తగ్గించింది పరీక్ష నాయనా, కాపలా కాదు. ఈ మూడు నిమిషాలు నీ కోసమే."

"నాకు చెప్తే ఏం లాభం? ఆ టమాటాలకు చెప్పు," అన్నాడు గానీ, మీసం కింద నవ్వుకున్నాడు. కొడుకు పెట్టె అంటే ఆయనకు అంత నమ్మకం. సైరను కూసేదాంక బోరు కాడ వైర్లు ఇడిచేవాడు కాదు. మీ తాత గట్టు మింద కూచోని ఇద్దర్నీ చూస్తాండాడు.

పదో దినం. కరెంటు లేదు. మీ నాయన రాయచోటి నుంచి వచ్చి, నేరుగా బోరు కాడికి పోయి, కాలిన వైరుకు అతుకు ఏస్తాండాడు. కరెంటు వచ్చింది. సైరను కూయలేదు.

ముందు చూసింది మీ తాతే. ఉరికిపోయి మెయిను ఆపి, కేకలు పెట్టినాడు. తోటలోళ్లు వచ్చేసరికి మోటరు కొట్టంలో పెట్టె వైర్లు బిగిస్తాండాడు. మీ నాయన అప్పటికే లేడు.

కంపెనీవాళ్లు పెట్టెను విప్పుకోని పోయినారు. నాలుగు దినాలు నిజం గడియారం పెట్టి చూసినారు. ఎన్నిసార్లు చూసినా మూడు నిమిషాలు సరిగ్గా కూసింది.

"పెట్టెలో తప్పు లేదప్పా," అన్నాడు బసవరాజ్ ఫోన్లో.

"నా టెస్టులు గూడా అదే చెప్పినాయి గదన్నా," అన్నాడు హెన్రీ.

అంతకు ముందే, మట్టి చేసిన పొద్దు, సమాధుల తోటలో, గుంత పక్కన, హెన్రీ మీ అమ్మ విశ్వాసమ్మ కాళ్లు పట్టుకున్నాడు. "అమ్మా, మూడు నిమిషాలు మిగుల్చుకుందామని నాయన్ను సంపుకున్యా." మీ అమ్మ వాని తల మింద పెట్టబోయిన చెయ్యిని ఎనక్కి తీసుకుంది. నువ్వూ చూసినావు గదా.

ఆ పొద్దు పోయినోడు మళ్లీ రాలేదు. కంప్యూటరు ముట్టడు. కడపలో ఏదో గోడౌన్లో మూటలు మోస్తాండాడు. సంవత్సరీకం ప్రార్థనకు గూడా రాలేదు. పొద్దున బిడ్డల పేర్లు చెప్పి ప్రార్థన చేసేటప్పుడు మీ అమ్మ నీ పేరు చెప్పి ఆగిపోతాది.

మొన్న మీ తాత ఫోన్ చేస్తే ఎత్తినాడు.

"తిన్నావారా?"

"తిన్యా తాతా." మళ్లా అన్నాడు, "తాతా, అందరూ నన్ను ఏదో ఒకటి అన్నారు. నువ్వొక్కనివే ఒక్క మాట గూడా అనలేదు. దాంతోనే బతికుండా తాతా."

మీ తాత ఫోన్ పెట్టేసినాడు.

చెయ్యి నొప్పి పుట్టిందా పాపా? ఇంగ ఒక్క మాటే. ఇదంతా మీ అన్నకు ఫోన్ చేసి చదువు. మీ తాతకు వానితో చెప్పేకి నోరు రాదు, రాసేకి చదువు రాదు. మీ అమ్మను గూడా పక్కన కూచోబెట్టుకో. ఆఖర్న ఈ మాట మెల్లగా చదువు.

చెట్లు ఎండిపోతాయని, ఆ పొద్దు పెట్టెను తప్పించి మోటరుకు కరెంటు నేరుగా కలిపింది మీ తాతను, నేనే.