పసుపు పట్టీ తూనీగ

"ఇది లావుగా ఉంది, చూడండి," అంది ఆమె, మోకాలిలోతు నీళ్లలో నిలబడి.

భర్త కలువ తీగలు తప్పించుకుంటూ వచ్చి రెల్లుకాడ మీదకు వంగాడు. కాడను కరుచుకుని ఒక పురుగు కదలకుండా ఉంది. రంగు లేదు. నడుం దగ్గర మాత్రం లేత పసుపు గీత ఉన్నట్టూ లేనట్టూ ఉంది.

"రెక్కలు మూసుకుందిగా. సూదితూనీగ," అన్నాడు.

"సూదితూనీగకి ఇంత ఒళ్లా?"

"నీలాగే తిండిపుష్టి కలదేమో."

ఆమెకు నవ్వు రాలేదు. ఈ కుంటలో కలువలు పెంచి, ఆ పూలు అమ్ముకుని ఇద్దరూ బతుకుతున్నారు. రోడ్డు కోసం ఇప్పుడు కుంట పూడ్చేస్తున్నారు. పసుపు పట్టీ తూనీగ ఎక్కడో గాని కనిపించని జాతి, అది ఒక్కటి ఇక్కడ దొరికినా పని ఆపిస్తానని సర్వే ఆఫీసరు మాటిచ్చాడు. గుర్తుపట్టడమూ అతనే నేర్పాడు. వాలినప్పుడు రెక్కలు చాపితే తూనీగ, వీపు మీద మూసుకుంటే సూదితూనీగ. గడువు ఈ ఉదయంతో సరి.

"ఉందని చెప్పేద్దామండీ. చూస్తుండగానే ఎగిరిపోయిందందాం."

"రేపు అబద్ధమని తేలితే ఆ ఆఫీసరు కుర్రాడి ఉద్యోగానికి ఎసరు. మన కొంప మునిగిందని ఇంకొకడి కొంప ముంచుతామా?"

ఆమె కాడను మెల్లగా ఊపింది. పురుగు ఎగరలేదు, వణికిందంతే. దీనికీ నాలాగే ఓపిక అయిపోయింది పాపం, అనుకుంది.

ఆఫీసరు కుంట గట్టు మీదికి వచ్చేసరికి వెనకాల లారీలు బారులు తీరాయి.

"కనిపించిందా బాబాయ్?"

"లేదు బాబూ. అన్నీ సూదితూనీగలే."

అతను తల దించుకుని లారీలకు చెయ్యి ఊపాడు. మొదటి లారీ మట్టి రెల్లు మీదే పడింది. రెండోది కలువల మీద పడుతుంటే ఆమె చూడలేక మొహం తిప్పుకుంది.

"ఇంకొకరైతే అబద్ధం చెప్పేవాళ్లు బాబాయ్," అన్నాడు ఆఫీసరు.

"నిజం కూడు పెడుతుందా బాబూ?" అంది ఆమె. ఏదో ఒకటి మాట్లాడకపోతే ఏడ్చేసేలా ఉంది. "ఇంతకీ సూదితూనీగలు చిటికెన వేలంత లావుంటాయా?"

అతను చప్పున తలెత్తాడు. "ఎగిరిందా అది?"

"కాడ ఊపినా ఎగర్లేదు. రంగూ లేదు. రెక్కలు మూసుకుని అలాగే ఉంది."

అతను రెల్లు ఉన్న వైపు చూశాడు. అక్కడ మట్టి దిబ్బ తప్ప ఏమీ లేదు.

"అప్పుడే పుట్టిన తూనీగ రెక్కలు విప్పదు పిన్నీ."