మునిగేది ఎవరు?

“నేను నీళ్ళలోకి దిగను,” అంది చెల్లెలు.

తల్లి చేతిలో దువ్వెన ఆగిపోయింది. ప్రార్థన మందిరం వెనకాల చిన్న గదిలో ఉన్నారు వాళ్ళు. తలుపు అవతల తొట్టి నిండుతున్న చప్పుడు వినిపిస్తోంది. సంఘమంతా వచ్చి బెంచీల మీద కూర్చుంది. ఏడాదిగా పాఠాలు విని, అక్కతో పాటు బాప్తిస్మం తీసుకుంటానని నలుగురి ముందు ఒప్పుకున్న పిల్ల, తీరా నీళ్ళు నిండే వేళకు ఇలా అంటే ఏ తల్లికైనా కాళ్ళ కింద నేల కదలదా?

“ఏమన్నావే?”

“నాకు నమ్మకం లేదమ్మా. ఉన్నట్టు నటించడం నా వల్ల కాదు.”

అక్క తల దించుకుంది. కవలలు వాళ్ళు. ముందు ఏడ్చింది కాబట్టి ఈమె అక్క అయింది, అంతకు మించి పెద్దరికమేమీ లేదు. భక్తి మాత్రం ఇద్దరి వాటా ఈమెకే వచ్చింది. చెల్లెలి వాటాకు నోరు వచ్చింది.

“ఎప్పటినుంచి?” అని మెల్లగా అడిగింది అక్క.

“గుండె ఎక్కువ కాలం ఆడదని డాక్టరు చెప్పినప్పటినుంచి. ఇన్నేళ్ళు పడింది చాలక ఇది కూడానా? ఇంత చేసినవాడి ముందు నేనెందుకు తల వంచాలి?”

గుమ్మంలో నిలబడ్డ పాస్టరు గారు అంతా విన్నారు. ఆయన మొహంలో కత్తి వేటుకు నెత్తురు చుక్క లేదు. అయినా మెత్తగానే మాట్లాడారు.

“బలవంతం లేదమ్మా. నమ్మనివాళ్ళని ముంచితే అది ఉత్త స్నానమే అవుతుంది.”

“అసలు మునిగేది ఏది పాస్టరు గారూ? దేహమా, ఆత్మా?”

“మునిగేది దేహం. దేవుణ్ణి ఎరిగేది ఆత్మ. ఈ రెంటి మధ్యా ప్రాణం ఉంది. నీ ఇష్టం, నీ కోపం, నీ ఆలోచన, నువ్వు నువ్వుగా ఉండటం, అదంతా ప్రాణమే. అది సరేనంటేనే దేహం నీళ్ళలోకి దిగాలి.”

“నా ప్రాణం సరేననడం లేదు.”

“అలాగైతే నీకు ఇవ్వను.”

“మరి అక్కకి?”

ఎందరినో ముంచి లేపిన పాస్టరు గారు కళ్ళజోడు తీసి, తుడిచిన అద్దాన్నే మళ్ళీ తుడుస్తూ ఉండిపోయారు.

“చెల్లి రాకపోతే నేనెలా దిగుతాను?” అంది అక్క.

“చూశారా, ఎప్పుడూ ఇంతే. తెల్లారకముందే మోకాళ్ళ మీద పడుతుంది. నా నిద్ర సంగతి ఎవరికి పట్టింది? అక్క ఉపవాసాల పుణ్యమా అని నేనూ చిక్కి సగమయ్యాను.”

ఇంకో రోజైతే తల్లి నవ్వేసేది. ఇవాళ ఆమెకు ఏడుపే తక్కువ.

“నీ పరీక్షకి నేను రాలేదా?” అంది అక్క. “ఒక్క ముక్క అర్థం కాకపోయినా పొద్దంతా నోరు మూసుకుని కూర్చోలేదా?”

“పరీక్ష వేరు, ఇది వేరు.”

“నా భయం నీకు తెలియడం లేదు. రేపు ఈ గుండె ఆగితే నేనొక చోట, నువ్వొక చోట అయిపోతాం. ఒక్క రోజైనా విడిగా ఉన్నామా మనం?”

“లేదు. విడిగా ఉంటే ఎలా ఉంటుందో చూడాలనే ఉంది నాకు.”

దువ్వెన కింద పడింది. తల్లి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఎంత తిట్టినా అక్కకు ఇంత బాధ కలిగేది కాదు.

“నేనంటే అంత విసుగా?”

“విసుగు కాదక్కా. ఒక్కసారి కాస్త దూరంగా నిలబడి నిన్ను చూడాలని. అంతే.”

అక్క కళ్ళు తుడుచుకుంది. “తొట్టి ఖాళీ చేయించండి పాస్టరు గారూ. నేనూ మానేస్తాను. చెల్లిని ఈడ్చుకెళ్ళి తెచ్చుకునే రక్షణ నాకొద్దు.”

ఈసారి అదిరిపడింది చెల్లెలు. ఈ రోజు కోసం అక్క ఎంత తపించిందో ఆమెకు తెలిసినంతగా కన్నతల్లికి కూడా తెలియదు.

“పిచ్చా నీకు?”

చెల్లెలు పాస్టరు గారి వైపు తిరిగింది.

“చచ్చి లేచినప్పుడు ఎవరి దేహం వాళ్ళకుంటుందా?”

ఆయన కళ్ళు చెమర్చాయి. “ఉంటుందమ్మా. ఆత్మని పిలుచుకుని దేహాన్ని మట్టిలో మరిచిపోయేవాడు కాదు దేవుడు. కొత్త దేహం ఇస్తాడు, ఎవరిది వాళ్ళకి.”

“ఒట్టు?”

“ఒట్లు వేయకూడదు తల్లీ. నమ్మి చెబుతున్నాను.”

చెల్లెలు పెద్దగా ఊపిరి పీల్చుకుంది. “పద అక్కా. నేను నమ్మానని కాదు, నువ్వు నమ్మావని వస్తున్నాను. పాస్టరు గారూ, నా పేరు పలకొద్దు. నా నెత్తిన చెయ్యి పెట్టొద్దు.”

“పెట్టను. అక్క పేరు ఒక్కటే పలుకుతాను.”

తలుపు తెరుచుకుంది. సంఘం పాట అందుకుంది. అక్కాచెల్లెళ్ళు మెల్లగా తొట్టి మెట్ల వైపు నడిచారు, తల్లి గుమ్మంలోనే ఆగిపోయింది. ఆ రోజే కొత్తగా వచ్చి ముందు బెంచీలో కూర్చున్న ఒకావిడ వాళ్ళను చూసి పాడుతున్న పాట మరిచిపోయింది.

రెండు మెడలు పెట్టి కుట్టిన ఆ తెల్ల గౌనులో ఉన్నది ఒక్కటే దేహం.