ఉప్పులో ఆరోవాడు

“ఆరుగురు విద్యార్థులు లేకపోతే ఈ కెమిస్ట్రీ క్లాసు మూసేస్తాం,” అన్నాడు ఇన్‌స్పెక్టరు. మేం ఐదుగురమే.

“పాఠం విని మూసేయండి సార్,” అంటూ మాస్టారు స్టూలెక్కారు. “నేను ఉప్పు స్ఫటికంలో సోడియాన్ని. నన్ను ఆనుకుని ఎందరున్నారో అదే నా సమన్వయ సంఖ్య. ఆరు రావాలి.”

నలుగురం నాలుగు వైపులా ఆనుకున్నాం. ఐదోవాడు ఆయన భుజాలెక్కాడు.

“ఐదేగా! కింద ఎవరూ లేరే!” అంటూ ఇన్‌స్పెక్టరు స్టూలు కిందికి దూరి చూశాడు.

స్టూలు కాలు ఫటుక్కున విరిగింది. మాస్టారు సరిగ్గా ఇన్‌స్పెక్టరు వీపు మీద కూర్చున్నారు.

“ఇప్పుడెంతమంది సార్?”

“ఆరు! ఆరుగురూ ఉన్నారని రాసేస్తా, ముందు దిగండి మహాప్రభో!”

పొద్దున మాస్టారు తెచ్చిన రంపాన్ని నేను మెల్లగా కాలితో బీరువా కిందికి తోశాను.