అద్దం కింద పెళ్ళిచీర

"ఆ కత్తెర కింద పెట్టు! అది నా పెళ్ళిచీర!" కౌసల్యమ్మ మిద్దె మీదికి పరుగున వచ్చింది.

ఆమె భర్త, రిటైరైన లెక్కల పంతులు చెన్నకేశవులు తలెత్తలేదు. పెనుకొండలో అంత పెద్ద దుర్భిణి సొంతంగా చేసుకున్న మొండిమనిషి ఆయనొక్కడే. దాని అడుగున కూర్చోబెట్టే అద్దం తాంబాళమంత ఉంది. దాన్ని అరగదీయడానికే పాపం రెండేళ్ళు పట్టింది.

"అద్దం దాని బరువుకే వంగిపోతాందే. అడుగున అన్నిచోట్లా ఒకే మందాన మెత్త ఉండల్ల. లేకుంటే చుక్క రెండుగా కనపడతాది."

"గోనెపట్ట లేదా? కంబళి లేదా?"

"అన్నీ పెట్టి చూసినా. ఎన్నిసార్లు మార్చినా రెండే! యుద్ధమొచ్చి బెంగుళూరు నుంచి మంచి ఉన్నిపట్ట రావడంల్యా. ధర్మవరం పట్టుచీరయితే అంతా ఒకే మందం. ఈసారీ రెండే కనపడితే అద్దం పగలగొట్టి పారేస్తా."

కౌసల్యమ్మ చీరను ఒళ్ళోకి తీసుకుని నిమిరింది. ధర్మవరంలో ఆమె నాయన తన మగ్గం మీద తానే నేసి పెట్టిన చీర అది. ఆయన గుర్తుగా మిగిలింది అదొక్కటే.

"పెళ్ళినాడు మబ్బు పట్టింటే, అరుంధతీ వశిష్ఠుల కోసం ఎంతసేపు నిలబెట్టినాడయ్యా ఆ పురోహితుడు! కాళ్ళు పీకుతాండాయని నీ భుజమ్మీద చెయ్యేస్తే మా అవ్వ ఎట్ల తిట్టింది!"

"అందుకేనే, అద్దాన్ని ఎప్పుడు పరీక్ష చేసినా నేను వశిష్ఠుణ్ణే చూస్తా. వేరే చుక్క జోలికి పోను. అది మన చుక్క."

ఆమె కళ్ళు తుడుచుకుంది. కత్తెర తానే అందుకుని చీరను ముక్కలు కోసింది.

చీకటి పడింది. పట్టుమెత్తల మీద అద్దం కూర్చుంది. చెన్నకేశవులు గొట్టాన్ని వశిష్ఠుడి వైపు తిప్పి చూశాడు. అరుంధతి అల్లంత దూరాన వేరే ఉంది. వశిష్ఠుడు మాత్రం మళ్ళీ రెండు చుక్కలు! ఆయన పళ్ళు కొరుకుతూ సుత్తి అందుకున్నాడు.

"ఉండయ్యా, నన్నూ చూడనీ." తొందరలో కౌసల్యమ్మ మోచెయ్యి తగిలి గొట్టం పక్కనున్న వేరే చుక్క వైపు తిరిగింది. "ఒకటే కదా ఉండేది! సూదిమొన మాదిరి!"

ఆయన వంగి చూశాడు. ఒకటే. ఇంకో చుక్క చూశాడు, అదీ ఒకటే. మళ్ళీ వశిష్ఠుడి దగ్గరికి వచ్చాడు. రెండు. సుత్తి మెల్లగా కింద పెట్టాడు.

"నా చీర పని చేసిందా, లేదా?" కౌసల్యమ్మ మురిసిపోతూ అడిగింది.

"చేసిందే. నీ చీరే అద్దాన్ని నిలబెట్టింది," అన్నాడు ఆమె మొహంలోకి చూడలేక.

గోనెపట్ట మీద కూడా ఆ అద్దం ఏనాడూ వంగలేదు. వట్టి కంటికి ఒకటిగా కనపడినా, ఆకాశంలో వశిష్ఠుడే రెండు చుక్కలు.