పసుపుపచ్చ గుర్రం

ఏడో నెల వచ్చేసరికి దర్జీ ఆవిడకు రెండు భయాలు పట్టుకున్నాయి. ఒకటి కాన్పు. రెండోది ఆడపడుచు.

ఆడపడుచు పేర్లు ఎత్తుకుపోతుంది.

మొదటిసారీ ఇద్దరికీ ఒకే నెలలో కాన్పు వచ్చింది. దర్జీ ఆరు నెలలు వెతికి ఒక పేరు ఏరుకుంది. ఆడపడుచు తొమ్మిది రోజుల ముందు కని, ఆ పేరు తన కొడుక్కి పెట్టేసుకుంది. పుట్టుకలు రాసే ఆఫీసులో ముద్ర కూడా వేయించేసింది. ముద్ర పడ్డాక పేరు మారదు. చివరికి దర్జీ కొడుక్కి ఆస్పత్రి క్యాలెండరు మీదున్న పేరు పెట్టాల్సి వచ్చింది. వాడికిప్పుడు నాలుగేళ్లు. ఆ పేరుతో పిలిస్తే ఇప్పటికీ పలకడు.

మాట మోసింది దర్జీ మొగుడే. బస్సు కండక్టరు. వీధిలో అందరూ మైకు అంటారు. అతని చెవిలో పడిన మాట చివరి స్టాపులోపు ఊరంతా దిగుతుంది.

ఈసారీ ఇద్దరికీ ఒకే నెల. ఈసారీ ఆడపడుచుకే ముందు.

ఒకరోజు ముసలి మాస్టారొకాయన పాంటు పొట్టి చేయించుకోడానికి వచ్చాడు. ముప్పై ఏళ్లు గ్రీకు చెప్పి రిటైరైన మనిషి. ఆయన స్టూలెక్కి నిలబడితే, దర్జీ కింద కూర్చుని అంచుకి గుండుసూదులు పెడుతూ అడిగింది.

"మాస్టారూ, ఎవరికీ లేని పేరొకటి చెప్పండి. ఆడపిల్లకి. అర్థం బాగుండాలి."

ఆయన్ని గ్రీకు అడిగి ఎన్నాళ్లయిందో. స్టూలు మీద నుంచే వరసబెట్టి డజను పేర్లు చెప్పాడు.

"ఇయాంతి. ఇయోన్ అంటే ఊదారంగు పూలు పూసే చిన్న మొక్క. ఆంథోస్ అంటే పువ్వు. ఊదాపువ్వు అనుకో."

దర్జీ చేతిలో సూది ఆగింది. పైకి మాత్రం "చూద్దాంలెండి. ఇంకా?" అంది.

"జాంతిపీ. క్సాంథోస్ అంటే పసుపుపచ్చ. హిప్పోస్ అంటే గుర్రం."

"రెండూ కలిపితే?"

"పసుపుపచ్చ ఆడగుర్రం."

"పిల్లకా?"

"వాళ్లకి గుర్రాలంటే గొప్పమ్మా. గుర్రమున్న ఇల్లంటే కలిగినవాళ్లని లెక్క. ఇంకా ఇలాగే నిలబడమంటావా?"

మాస్టారు వెళ్లాక దర్జీ కొలతల పుస్తకం తీసింది. చివరి పేజీలో, ఎవరివో భుజం కొలతల కింద, ఊదాపువ్వు పేరు పెన్సిలుతో రాసుకుంది. గుర్రాన్ని మొగుడికోసం దాచింది.

భోజనాల దగ్గర మెల్లిగా కదిపింది.

"మీకొక్కరికే చెబుతున్నా. ఆడపిల్ల పుడితే జాంతిపీ. గ్రీకు పేరు, పాంటు మాస్టారు చెప్పారు. బంగారుతల్లి అని అర్థం. నా మీద ఒట్టు, ఈ గడప దాటకూడదు."

"నోరు కుట్టేసుకున్నాననుకో," అన్నాడు మైకు.

మూడో రోజే ఆడపడుచు ఫోను చేసింది.

"ఊరికే చేశాలే వదినా. పేరేమన్నా అనుకున్నారా?"

"ఇంకా ఏదీ తోచలేదమ్మా."

"అయ్యో పాపం," అంది ఆడపడుచు.

ఆ రోజు దర్జీ మూడు చొక్కాలు ఎక్కువ కుట్టింది.

ఆడపడుచు ముందు కన్నది. ఆడపిల్ల. పన్నెండు రోజులకు దర్జీ కన్నది. ఆమెకూ ఆడపిల్లే. మర్నాడు మైకు నేలచూపులు చూస్తూ ఆస్పత్రి మంచం దగ్గరికి వచ్చాడు.

"చెల్లివాళ్లు పిల్లకి పేరు అనుకున్నారట."

"ఏం పేరు?"

"జాంతిపీ. దానికెలా తెలిసిందో ఏమిటో."

"ముద్ర పడిందా?"

"సోమవారం వేయిస్తారట."

దర్జీ దిండు తీసి మొహం మీద కప్పుకుంది. లోపలే నవ్వింది. మంచం కిర్రుమంటున్నా, కుట్లు లాగుతున్నా ఆగలేదు. పసుపుపచ్చ గుర్రం బడికెళ్తుంది. పసుపుపచ్చ గుర్రానికి జ్వరం వస్తుంది. పసుపుపచ్చ గుర్రం పెళ్లికి అందరూ తప్పక రావలెను. దిండు తీసేసరికి కళ్లు ఎర్రబడి, చెంపలు తడిసి ఉన్నాయి.

మైకు మంచం కాళ్ల దగ్గర కొయ్యబారి నిలబడ్డాడు.

"నీ మీద ఒట్టేసి కూడా..." అన్నాడు. మిగతాది మింగేసి వెళ్లిపోయాడు.

పిలిచి అసలు సంగతి చెబుదామా అనుకుంది. చెబితే సాయంత్రానికి ఆడపడుచుకి తెలుస్తుంది. సోమవారం దాటనీ, ముద్ర పడనీ అని నాలుక కరుచుకుంది.

నాలుగు రోజులు మైకు మూగబోయాడు. బస్సులో స్టాపుల పేర్లు కూడా గొణిగాడు. ఇద్దరు పెద్దవాళ్లు దిగాల్సిన చోటు దాటిపోయి అతన్ని తిట్టిపోశారు.

మంగళవారం కవరు పట్టుకుని ఇంటికొచ్చాడు. మొహం వెలిగిపోతోంది.

"మీ చెల్లి కూతురికి ముద్ర పడిందా?" అంది దర్జీ, ఊయల ఊపుతూ.

"నిన్న పడింది. నేనే దగ్గరుండి వేయించాను."

"అయితే ఇప్పుడు చెబుతా వినండి."

"ముందు నేను చెప్పాలి. నాలుగు రోజులనుంచి కడుపులో పెట్టుకున్నా, ఇక నా వల్ల కాదు." మైకు ఆమె పక్కనే కూర్చున్నాడు. "నువ్వలా వెక్కి వెక్కి ఏడవడం నేనెప్పుడూ చూడలేదే. తిన్నగా చెల్లింటికెళ్లి కడిగేశాను. పుట్టి బుద్ధెరిగాక దాన్ని ఒక మాట అనడం అదే మొదలు. ఆ పేరు వదిలేసింది."

కవరులోంచి కాగితం తీసి ఒళ్లో పెట్టాడు. జాంతిపీ. కింద గుండ్రంగా నీలం ముద్ర.

"మన పిల్లకే. బంగారుతల్లి."

దర్జీ ఆ ముద్రని బొటనవేలితో రుద్ది చూసింది.

"చెల్లిని మాత్రం ఉత్తచేతుల్తో పంపలేదులే," అన్నాడు మైకు, "మీ పాంటు మాస్టారి దగ్గరికి తీసుకెళ్తే ఆయన తడుముకోకుండా ఇంకో పేరు చెప్పారు, ఏదో ఊదాపువ్వట."