వంకరగా వేలాడే పటం

“ఈ తాగుబోతుల పటం ఇవాళ గోడ దిగాల్సిందే!” అంటూ భార్య స్టూలు లాక్కొచ్చింది.

భర్త ఒక్క అంగలో వెళ్లి పటానికి అడ్డంగా నిలబడ్డాడు. “తాగుబోతులంటావేమిటి? ఇది కళ! ఎప్పుడో ఓ మహా చిత్రకారుడు వేసిన సారాకొట్టు బొమ్మని రాగిరేకు మీద సూదితో గీసి, అచ్చు తీశారు. నూటయాభై ఏళ్ల నాటిది!”

“నూటయాభై ఏళ్ల నుంచీ తాగుతూనే ఉన్నారన్నమాట!”

పటంలో అయిదుగురు పీపా చుట్టూ చేరి గ్లాసులు ఎత్తుతున్నారు. ఆరోవాడు బల్ల మీంచి జారి కింద పడ్డాడు. వాడి గ్లాసులోంచి ఒలికినదాన్ని కుక్క నాకుతోంది. భర్త ప్రాణం మాత్రం పటం వెనకాల ఉంది. పాత స్విచ్‌బోర్డు తీసేశాక మిగిలిన గూట్లో అతని సీసా ఉంది మరి. మానేశానని మూడు నెలల కిందట ఒట్టేసిన సరుకే అది. ఒట్టేశాక తగ్గించాడు పాపం, రోజుకు రెండే మూతలు. ఎండలకు ఆవిరైపోతోందో ఏమో, సీసా మాత్రం ఇట్టే అయిపోతోంది.

“కళే అయితే రోజూ వంకరగా ఎందుకుంటోంది?”

“వంకరా? నేను రోజూ సరిగ్గానే పెడుతు...” అని నాలిక కరుచుకున్నాడు.

“మీరెందుకు పెడుతున్నారు? దాని వెనకాల ఏముంది?”

కిటికీ పక్క కుర్చీలోంచి అతని అత్తగారు కల్పించుకుంది. “ఉండనివ్వవే అమ్మాయ్! బొమ్మ లక్షణంగా ఉంది. రోజూ దుమ్ము తుడిచేది నేనేగా, అప్పుడు కాస్త కదులుతుంది.”

పెళ్లయిన పదకొండేళ్లలో ఆవిడ తన పక్షం మాట్లాడటం ఇదే మొదలు. ఇంత మంచి మనిషినా ఇన్నాళ్లూ గయ్యాళి అనుకున్నానని అల్లుడు తెగ నొచ్చుకున్నాడు.

భార్య వింటేగా! అతన్ని పక్కకు నెట్టి, స్టూలెక్కి, రెండు చేతులా పటం ఎత్తేసింది. అతను కళ్లు గట్టిగా మూసుకున్నాడు.

“ఏమీ లేదే!”

కళ్లు తెరిచాడు. గూడు ఖాళీ. భార్య ముఖం చిన్నబోయింది. “అనవసరంగా అనుమానించాను. ఉండనివ్వండి మీ కళ,” అని పటం మళ్లీ తగిలించి లోపలికి వెళ్లిపోయింది.

అతను పటం అంచు ఎత్తి గూట్లోకి మళ్లీ తొంగిచూశాడు. నిన్న పావువంతు ఉన్న సీసాకి రెక్కలొచ్చాయా?

అత్తగారు తీరిగ్గా లేచి వచ్చి, గుడ్డతో పటం అద్దం తుడుస్తూ గొంతు తగ్గించింది.

“ఖాళీ సీసా పొద్దున్నే పారేశాను అల్లుడుగారూ. ఈసారి కాస్త పెద్దది తీసుకురండి, ఇద్దరికీ చాలడం లేదు.”