సెలవు పెట్టని పిల్ల

“సోమవారం నుంచి రెండు వారాలు నీ మొహం నాకు కనపడకూడదు. ఇంటికి పో. తిను, పడుకో, ఏమన్నా చేసుకో. ఇక్కడ మాత్రం అడుగుపెట్టకు!” అని అరిచాడు చిటపట.

గదిలో అందరూ విన్నారు. వినాలనే అరిచాడు మరి.

అది బ్యాంకులో విదేశీ కరెన్సీలు కొనే, అమ్మే గది. ఆ గదికి అధికారి ఆయన. నోరు తెరిస్తే తాలింపులో ఆవాలు పేలినట్టే. అందుకే వెనకాల అందరూ చిటపట అంటారు. ముందు మాత్రం ‘సార్’ తప్ప ఇంకో మాట ఉండదు.

తిట్లు తిన్నది కొత్తపిల్ల. యూనివర్సిటీలో ఫస్టు వచ్చి, రాత పరీక్షలూ ఇంటర్వ్యూలూ దాటుకుని ఆ కుర్చీ సంపాదించింది. చేరి ఏడాది దాటినా ఆ పిలుపు మాత్రం పోలేదు. పని రాక్షసి. అందరికంటే ముందు వస్తుంది, అందరూ వెళ్ళాక లేస్తుంది. అన్నం కూడా కంప్యూటరు ముందే. ఒళ్ళు కాలిపోతున్న రోజు కూడా మాత్ర మింగి వచ్చింది గానీ సెలవు పెట్టలేదు. సొంత అక్క కానుపుకి కూడా వెళ్ళలేదు. పుట్టిన పిల్లని ఫోన్లో చూసి, వెంటనే పనిలో పడింది.

అలాంటి పిల్లని పట్టుకుని ఇంటికి పొమ్మంటాడా? ఎవరికైనా ఒళ్ళు మండదూ!

“నాకు సెలవు వద్దు సార్,” అంది కొత్తపిల్ల.

“కావాలా వద్దా అని అడిగానా నిన్ను? రూలు. ఈ గదిలో పనిచేసే ప్రతివాళ్ళూ ఏడాదికోసారి రెండు వారాలు వరసగా ఇంట్లో కూర్చోవాలి. ఈలోపు నీ పని తోక చూసుకుంటాడు.”

తోక అంటే చిటపట ఎటు వెళ్తే అటు వెళ్ళే ఉద్యోగి. వాడు అప్పుడే ఆమె కుర్చీకేసి ఆశగా చూశాడు. కొత్తపిల్ల మొహంలో నెత్తురు చుక్క లేదు.

“నెలాఖరుకి ప్రమోషన్లున్నాయి సార్. ఇప్పుడు పంపేస్తే...”

“నీ కోసం ఏ ప్రమోషనూ ఏడుస్తూ కూర్చోదులే. నువ్వు లేకపోతే బ్యాంకేం మూతపడదు. పో, పో!”

కొత్తపిల్ల బాత్రూంలోకి వెళ్ళి, తలుపు గడియ పెట్టుకుని తల్లికి ఫోన్ చేసింది. మాట రాకముందే ఏడుపొచ్చింది.

“నా కుర్చీలో ఇంకొకణ్ణి కూర్చోబెడుతున్నాడమ్మా. వాడు అందులో కూర్చున్నాడంటే నా బతుకు అయిపోయినట్టే.”

“వాడి నోట్లో మట్టిపడ! అదేం పోయేకాలమే వాడికి? నోటికాడ కూడు లాక్కుంటుంటే చూస్తూ ఊరుకుంటావా? పైవాళ్ళ దగ్గరికి పోయి కడిగెయ్యి!”

కడిగేసింది. బ్యాంకు పెద్దసారు దగ్గరికి నేరుగా వెళ్ళి, ఏడాదిగా చిటపట తిట్టిన తిట్లన్నీ ఏకరువు పెట్టింది. ఒక్కటి కూడా కల్పించాల్సిన పనిలేదు. ‘బుర్ర తక్కువదానా’ దగ్గర్నుంచి అన్నీ ఉన్నాయి. సాక్ష్యానికి గదిలో సగం మంది లేచొచ్చారు. చిటపట మీద కడుపుమంట లేనిదెవరికి?

పెద్దసారు చిటపటని పిలిపించాడు. కూర్చోమని కూడా అనలేదు.

“గదిలో అందరికంటే ఎక్కువ లాభం చూపిస్తున్న పిల్లయ్యా! ఆమె మీద పడి ఏడుస్తావేంటి?”

“లాభం సంగతి కాదు సార్. రూలు.”

“ఏంటయ్యా రూలు? ఆ తోకగాణ్ణి అందలం ఎక్కించడానికేగా ఈ నాటకమంతా?”

“కాదు సార్. ఎవర్ని కూర్చోబెట్టినా నాకు ఫరవాలేదు. ఆ అమ్మాయి మాత్రం లేవాలి.”

ఆ మాటతో పెద్దసారుకి చిర్రెత్తుకొచ్చింది. “చూశారా, ఎంత కక్షో!” అన్నాడు పక్కనున్నవాళ్ళతో. “లోకమంతా సెలవు దొరక్క చస్తుంటే, సెలవు వద్దని ఏడ్చే పిల్ల దొరకడం మన అదృష్టం. ఆమెకి ఆ రూలు వర్తించదు. నేను సంతకం పెడుతున్నాను. నెలాఖరు ప్రమోషను కూడా ఆమెకే.”

చిటపటని ఆ సాయంత్రమే పాత కాగితాలు దాచే విభాగానికి తోసేశారు. సామాను అట్టపెట్టెలో సర్దుకుని వెళ్తూ కొత్తపిల్ల దగ్గర ఆగాడు.

“ఆ రూలు నేను పెట్టింది కాదమ్మాయ్. ఇరవయ్యేళ్ళుగా నేనూ పెడుతున్నాను సెలవు, చచ్చినట్టు. కుర్చీ వదలనివాళ్ళంటే నాకు పడదు, అంతే.”

కొత్తపిల్ల తల కూడా ఎత్తలేదు. “ఇంటికెళ్ళి తిని పడుకోండి సార్,” అంది.

గదిలో నవ్వులే నవ్వులు. ఎవరో చప్పట్లు కొట్టారు. తోక పరుగెత్తుకెళ్ళి ఆమెకి కాఫీ తెచ్చి పెట్టాడు, సిగ్గులేనివాడు. రాత్రి ఫోన్లో తల్లి, “అదీ! నా కూతురంటే ఏమనుకున్నాడు!” అని మురిసిపోయింది.

మర్నాడు ఉదయం ఎవరూ రాకముందే తన కుర్చీలో కూర్చుని, చేరిన రెండో నెలలో ఓ బేరంలో తను ముంచేసిన బ్యాంకు సొమ్ము లెక్క ఎవరి కంటా పడకుండా, అప్పట్నుంచీ రోజూ చేస్తున్నట్టే, లేని ఖాతాదారుడి పేరు మీద ఇంకో దొంగ బేరం ఎక్కించింది కొత్తపిల్ల.